బురుజు కింద నిలబడ్డ మనిషి

నిజాంసాగర్ ఒడ్డున ఉన్న పాత రాతి బురుజు మీద మెరిసే చుక్కల్ని ఫొటో తీయాలని ఎస్తేర్‌కు ఎన్నాళ్ల నుంచో కోరిక. అమావాస్యనాడు రాత్రి ఎల్లారెడ్డిలో నర్సు డ్యూటీ దిగి, అన్న యోబు బండి మీద అక్కడికి వచ్చింది.

కింద ఒక మనిషి ఉంటే బురుజు ఎత్తు తెలుస్తుందని అన్నను పంపింది.

"జర కదలకన్నా. కదిలితే ఫొటోల పడవు," అని కేకేసింది.

చీకట్లో వెలుతురు పట్టడానికి, స్టాండు మీది కెమెరా కన్ను ఒక నిమిషం పాటు తెరుచుకునే ఉంది. నీళ్లు ఒడ్డును తాకుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు.

ఫొటో చక్కగా వచ్చింది. బురుజు నెత్తిన లెక్కలేనన్ని చుక్కలు. కింద, నీళ్లవైపు తిరిగి నిలబడ్డ మనిషి. ఆ ఆకారం అంచులు ఎక్కడా చెదరలేదు.

"మంచిగ నిలబడ్డవన్నా."

"నేనేడ నిలబడ్డనే?" యోబు గొంతు ఆమె వెనక నుంచి వచ్చింది. "దోమలు కుడుతుంటే అప్పుడే బండి కాడికొచ్చిన."

ఆమె ఫొటో చూపించింది. యోబు చూసి బండి తాళం తీశాడు.

"పోదాం పా చెల్లె."

ఎస్తేర్ టార్చి వేసింది. బురుజు కింద ఎవరూ లేరు. భయం వేసింది కానీ, అదెవరో తెలుసుకోకుండా కాలు కదల్లేదు. టార్చి ఆర్పేసింది.

"ఎవలున్నరో గాని, జర ఎడమకు జరుగుండ్రి," అంది చీకట్లోకి. "ఇంకొక్కటి తీస్త."

నీళ్ల చప్పుడు ఆగిపోయింది. బురుజు కింద గులకరాళ్లు నలిగిన చప్పుడైంది. రెండడుగులు, ఎడమకు.

యోబు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఎస్తేర్ రెండో చేత్తో బటన్ నొక్కింది.