పచ్చికర్ర

“పచ్చికర్ర పెట్టి మమ్మల్ని ముంచావయ్యా!”

రామలింగేశ్వరరావు గోడ బీరువా తలుపు పట్టుకుని గుంజాడు. అది కిర్రుమంది గానీ ఊడి రాలేదు. వడ్రంగి వడ్ల జంగయ్య చేతిసంచీ దించకుండా గుమ్మంలోనే నిలబడి చూశాడు. నాలుగు నెలల కిందట తను బిగించిన తలుపది. అప్పుడు చిటికెనవేలితో తోస్తే మూసుకునేది.

“పచ్చికర్ర కాదు సారూ. జోగిపేటల పాత ఇల్లు విప్పితే తెచ్చిన టేకు దూలాలు. అరవై ఏండ్ల కర్ర గిప్పుడు ఉబ్బుతదా?”

“ఉబ్బకపోతే మూడుసార్లు వచ్చి ఎందుకు చెక్కావు?”

జంగయ్య తలుపు అంచు తడిమాడు. నిజమే. మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ తలుపు అంచు చెక్కి వెళ్ళాడు. ఓ వారం బాగుంటుంది. మళ్ళీ పట్టేస్తుంది.

వంటింట్లోంచి పద్మావతి వచ్చింది.

“ఆ మడత బల్ల సంగతి కూడా చెప్పండి. పప్పుచారు గిన్నె పెడితే ఓ పక్కకే ఒలుకుతోంది. రెడీమేడ్‌వి కొనుక్కుందామంటే విన్నారా? కొలిచి చేయిస్తే అంగుళం కూడా వృథా పోదన్నారు. ఇప్పుడు అనుభవించండి.”

ముత్తంగిలోని ఆ ఫ్లాటుకి రెండంటే రెండే గదులు. సొరుగుల మంచం, గోడకి మడిచే భోజనాల బల్ల, మూలన పూజ అర, దూలం కింద ఇరికించిన బీరువా. అన్నీ జంగయ్య ఇక్కడే కూర్చుని కొలిచి, ఇక్కడే కోసి చేశాడు. అవి చూసి అదే అపార్ట్‌మెంట్లో ఇంకో ఆరిళ్ళవాళ్ళు చేయించుకున్నారు.

“అమ్మా, నెల కింద మీ ఫోన్ల గ్రూపుల నేను పచ్చికర్ర పెడుతనని రాసినవంట. ఒప్పుకున్న రెండు పనులు వోయినయ్. పటాన్‌చెరుల నా షెడ్డు ముందర బండి ఆపి మరీ అడుగుతున్నరు, ఏంది జంగయ్యా గిట్ల మొదలువెట్టినవని. మా నాయన కాలం సంది గీ మాట పడలే మేము.”

“ఉన్నమాటేగా రాశాను. ఆ ఆరిళ్ళలోనూ తలుపులు పట్టేస్తున్నాయి.”

“కాదని సూపిస్తే, మల్ల గదే గ్రూపుల రాస్తవా?”

“రాస్తానయ్యా. తప్పు నాదైతే అందరిముందూ ఒప్పుకుంటాను. నాకేం మొహమాటమా?”

జంగయ్య సంచీ దించాడు. ఉలి దూర్చి తలుపు తెరిచాడు. లోపల చీరలన్నీ మంచం మీదికి తీసి పెట్టాడు. బీరువాకి వెనక చెక్క లేదు, గోడే. ఆ గోడ మీద పైనుంచి కిందికి ఒక పెన్సిల్ గీత, పైన ఒక చిన్న మేకు, పక్కన తారీఖు. దారానికి ఇనుప గుండు కట్టి వేలాడేసి, ఆ దారం వెంట గీసిన నిలువు గీత అది. ఏ ఇంట్లో బిగించినా తన గురుతుకి గీసుకుంటాడు.

ఇప్పుడు అదే మేకుకి అదే గుండు వేలాడేశాడు. అది ఊగి ఊగి ఆగింది.

“నాలుగు నెలల కింద దారం గీ గీత మీదనే ఉండె సారూ. ఇప్పుడు అడుగున సూడు. పావు అంగుళం తేడా.”

“అంటే, బీరువా వంగిందా?”

“గీత బీరువాది కాదు సారూ, గోడది. ఒరిగింది గోడ. గందుకే తలుపు పట్టేస్తున్నది.”

పద్మావతి చీరల మధ్యే కూలబడింది. “గోడంటే... ఇల్లా?”

“బిల్డింగే అమ్మా. గీడ కుంట ఉండె. చిన్నగున్నప్పుడు మేం ఈత కొట్టినం. మట్టి పోసి లేపిండ్రు. ఓ దిక్కు కుంగుతున్నది. జల్దీ ఎవరన్న ఇంజనీరును పిలువుండ్రి.”

రామలింగేశ్వరరావు ఫోన్ చేస్తే కింది అంతస్తు నుంచి శివరామకృష్ణ వచ్చాడు. అపార్ట్‌మెంట్‌కి సెక్రటరీ అతనే. గీతనీ దారాన్నీ చూసి నవ్వాడు.

“ఏవయ్యా, నీ తలుపు పట్టేస్తే మా బిల్డింగు మీదికి తోస్తావా?”

“మీ ఇంట్ల గూడ గీసిన సారూ. పూజ అర ఎనక సూడుండ్రి. గుండు గూడ తీస్కపోండ్రి.”

శివరామకృష్ణ నవ్వుతూనే గుండు తీసుకుని దిగాడు. పది నిమిషాల తరవాత వచ్చాడు. వచ్చీరాగానే వీధి తలుపు గడియ వేశాడు.

“మా ఇంట్లోనూ అంతే,” అన్నాడు.

నెల రోజుల తరవాత మొదటిసారి జంగయ్య గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. ఒక పక్క వాళ్ళని చూస్తే పాపమనిపించింది. అయినా అడిగాడు.

“ఇగ గ్రూపుల రాయి అమ్మా. జంగయ్య కర్ర మంచిదేనని.”

పద్మావతి ఫోన్ తీసింది. శివరామకృష్ణ ఆమె చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు.

“ఏం రాస్తారక్కయ్యా? కర్ర మంచిదంటే, మరి తలుపులెందుకు పట్టేస్తున్నాయని అడగరా? ఆదివారం మా ఫ్లాటు కొనడానికి మనుషులొస్తున్నారు. ఇది బయటికి పొక్కితే నాదే కాదు, మీదీ ఎవడూ కొనడు.”

పద్మావతి ఫోన్ దించింది. రామలింగేశ్వరరావు మడత బల్ల మీద చెయ్యి వేసి నొక్కి చూశాడు. తరవాత తలెత్తాడు.

“జంగయ్యా, ఇలాంటి పనిమంతుణ్ణి నేను చూళ్ళేదు. మొత్తం ఏడిళ్ళ తలుపులూ నువ్వే సరిచెయ్యాలి. ఆదివారంలోగా అన్నీ మెత్తగా మూసుకోవాలి.”

“చేస్త సారూ. మరి నా పేరు?”

పద్మావతి లేచింది. చీర కొంగు తడిపి, గోడ మీది పెన్సిల్ గీతని పైనుంచి కిందిదాకా తుడిచేసింది. ఇటు తిరగకుండానే అంది.

“కర్ర మాత్రం పచ్చిదేనయ్యా.”