స్టార్టింగ్ తాత

“ఒక్కసారి స్టార్ట్ చెయ్యి బాబూ. విని వెళ్లిపోతాను.”

మళ్లీ వచ్చాడు! లైఫ్‌గార్డుకి ఒళ్లు మండింది.

“పొద్దున్నే మొదలెట్టావా తాతా? నీకు వేరే పనేం లేదా?”

“లేదు బాబూ.”

సముద్రపొడ్డున రేకుల షెడ్డు. అందులో ఇసుక మీద నడిచే నాలుగు చక్రాల ఏటీవీ. ఎవరైనా నీళ్లలో చిక్కుకుంటే గార్డులు దాని మీదే వెళ్లాలి. ఈ గార్డు ఉద్యోగంలో చేరక ముందు నుంచీ ఉన్న పాత బండి. బుద్ధి పుడితే స్టార్టవుతుంది, లేకపోతే లేదు.

గార్డు తాళం తిప్పాడు. ఇంజను గుర్రుమంది గానీ అందుకోలేదు.

ముసలాయన వంగి ఇంజను ప్లగ్గు మీది రబ్బరు టోపీ లాగాడు. లోపలి పచ్చటి చిలుమును జేబురుమాలుతో తుడిచి, మళ్లీ నొక్కి పెట్టాడు.

“ఉప్పుగాలి బాబూ. రోజూ తుడవాలి. ఇప్పుడు కొట్టు.”

స్టార్టయింది. ముసలాయన కళ్లు మూసుకుని ఆ చప్పుడు కాసేపు విన్నాడు. “చాలు” అని వెళ్లిపోయాడు.

“స్టార్టింగ్ తాత వెళ్లాడా అన్నా?” రెండో గార్డు నవ్వింది. ఈతలో చేపపిల్ల లాంటి అమ్మాయి. “బండి మీద మనసు పడ్డట్టున్నాడు. ఇచ్చి పంపించెయ్, పీడా పోతుంది.”

ఆ వారంలోనే బ్యాటరీ చచ్చింది. రోజూ ఊరికే స్టార్ట్ చేయించడం వల్లేనని గార్డు తేల్చేశాడు. మర్నాడు ముసలాయన రాగానే ఎగిరిపడ్డాడు.

“ఇంకోసారి బండి మీద చెయ్యేస్తే పోలీసులకి పట్టిస్తా!”

“రాను బాబూ. తుడవడం మాత్రం మానకు. అవసరానికి స్టార్ట్ కాకపోతే...”

“అప్పుడు చూసుకుంటాంలే. ముందు నువ్వు కదులు.”

ముసలాయన రుమాలు మడిచి సీటు మీద పెట్టి వెళ్లాడు. గార్డు దాన్ని తీసి మేకుకి తగిలించాడు. కొత్త బ్యాటరీ వేయించారు. తాతనీ, తుడవడాన్నీ గార్డు హాయిగా మర్చిపోయాడు.

కొన్ని నెలలకి, ఒక మధ్యాహ్నం, రాళ్ల వైపు నుంచి కేకలు.

“పిల్లాడు! పిల్లాడు కొట్టుకుపోతున్నాడు!”

గార్డు తాళం తిప్పాడు. గుర్రుమంది. అందుకోలేదు. మళ్లీ తిప్పాడు. బ్యాటరీ కొత్తది. ట్యాంకులో పెట్రోలుంది. హ్యాండిల్ మీది ఇంజను స్విచ్చు ఆన్‌లోనే ఉంది. మూడోసారీ తిప్పాడు.

“నేను పరిగెడతా అన్నా!” ఆ అమ్మాయి పడుతూ లేస్తూ ఇసుకలో పరుగెత్తింది.

అప్పుడు గుర్తొచ్చింది గార్డుకి. ప్లగ్గు టోపీ లాగాడు. లోపలంతా పచ్చటి చిలుము. మేకు మీది రుమాలందుకుని గబగబా తుడిచి, మళ్లీ నొక్కి పెట్టి తాళం తిప్పాడు.

స్టార్టయింది.

వెళ్లేసరికి పిల్లాణ్ణి ఒడ్డుకి లాగి ఛాతీ నొక్కుతోంది అమ్మాయి. “ఆక్సిజన్ అన్నా, తొందరగా!”

సిలిండరు బండి వెనకే ఉంది. మాస్కు పెట్టిన కాసేపటికి పిల్లాడు దగ్గాడు. ఇంకాస్త ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో తలుచుకోవడానికి కూడా గార్డుకి ధైర్యం చాలలేదు.

సాయంత్రం రుమాలు ఉతికి పట్టుకుని, వాళ్లనీ వీళ్లనీ అడిగి ముసలాయన ఇల్లు చేరాడు. కాళ్లావేళ్లా పడైనా రేపటినుంచి రమ్మనాలి.

ముసలావిడ తలుపు తీసింది.

“తాతగారున్నారా అమ్మా? నేను సముద్రం దగ్గర గార్డుని.”

ఆవిడ చూపు రుమాలు మీద ఆగింది.

“పోయిన నెల పోయారు నాయనా. మంచం పట్టాక కూడా రోజూ పొద్దున్నే అడిగేవారు, బండి చప్పుడు వినిపించిందా అని.”

గార్డుకి ఏడుపు ఆగలేదు. తప్పు చెప్పుకోవడానికి మనిషే లేడు.

“ఇవాళ స్టార్టయిందా?” ఆవిడే అడిగింది.

“ఆలస్యంగా అయిందమ్మా. పిల్లాడు దక్కాడు.”

ఆవిడ రుమాలు తీసుకుని కళ్లకద్దుకుంది.

“మా అమ్మాయి మునిగిపోయిన రోజు ఆ బండి ఎంతకీ స్టార్ట్ కాలేదు నాయనా.”