తాళం పడ్డ బొమ్మ

“ఆ బొమ్మ ఒక్కపాలి సూపించమ్మా. సూసి ఎలిపోతాను.”

ముసలామె రావడం అది మూడోసారి.

యమున కంప్యూటరు మీంచి తల ఎత్తలేదు. విజయనగరంలో ఒక కాలేజీ లైబ్రరీలో ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. చేరి ఏడాది కూడా కాలేదు.

“నిన్నే చెప్పాను కదా మామ్మా, బయటివాళ్ళకి చూపించకూడదని.”

ముసలామె చెంగు ముడి విప్పి, చెమటకు మెత్తబడిన చీటీ తీసి బల్ల మీద పెట్టింది. అక్కడ చోడి అనే రాగి పంటకు వచ్చే అగ్గితెగులు మీద ఎవరో చేసిన పరిశోధన పేరు, ఇంగ్లీషులో రాసి ఉంది.

“మా మనవరాలు సెల్లులో తీసినాది. మా ఊరి పేరున్న మొదటి పేజీ వచ్చినాది. ఆ తరవాత తాళం బొమ్మొకటి వచ్చి కూకున్నాది. డబ్బు కడితేగాని తెరవదంట. మీ కాలేజీలో అయితే తెరిసే ఉంటాదంది.”

“నీకు ఇంగ్లీషు వచ్చా?”

“తెలుగే రాదు. ఇంగ్లీషెక్కడిది?”

“మరి చూసి ఏం చేస్తావు?”

“సదవడానికి కాదమ్మా. అందులో బొమ్ముంటాది. అది సూస్తే ఇత్తనం దేంట్లో నానబెట్టాలో, ఎన్ని దినాలుంచాలో తెలుస్తాది. నారంతా మాడిపోనాది. మా పాత ఇత్తనం ఇంకొక్క కుంచెడే ఉన్నాది. ఆరుద్ర కార్తె ఎల్లేలోగా మళ్ళీ నారు పొయ్యకపోతే ఇంక ఆ సోడి లేదు.”

“వ్యవసాయాఫీసుకి వెళ్ళకపోయావా?”

“ఎల్లినాను. మందు కొట్టమన్నారు. కొట్టినాం. మందూ అయిపోనాది, నారూ అయిపోనాది.”

పత్రిక తిరగేస్తున్న లెక్చరరు మోహనకృష్ణ నవ్వాడు.

“ఏం యమునా, మామ్మగారు పీహెచ్‌డీ చేస్తున్నారా?”

“సేస్తే నువ్వు దిద్దుతావేటి బాబూ?” అంది ముసలామె.

అతను మళ్ళీ పత్రికలో తల దూర్చాడు.

“ఆ తెర ఒక్కపాలి ఇటు తిప్పమ్మా. నీ బల్ల ముట్టుకోను.”

యమున గోడకు అంటించిన ఉత్తరం వైపు చూసింది. పరిశోధన పత్రాలు అమ్మే కంపెనీ పంపింది. బయటివాళ్ళకు చూపించినట్టు తెలిస్తే కాలేజీకి కనెక్షన్ ఆపేస్తామని హెచ్చరిక. యమునకు ముందు ఆ కుర్చీలో తులసి ఉండేది. ఎవరో రైతుకు నాలుగు పేజీలు ప్రింటు తీసి ఇచ్చింది. ఆ కుర్చీ ఖాళీ అయింది అందుకే.

“చూపిస్తే నా ఉద్యోగం పోతుంది మామ్మా.”

ముసలామె బల్ల దగ్గర్నించి వెనక్కి జరిగింది.

“అలాగైతే ఒద్దు తల్లీ. నీ నోటికాడ కూడు తీసి నా మడిలో పోసుకుంటానేటి?”

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. చీటీ బల్ల మీదే ఉండిపోయింది.

ఆమె కాస్త తిట్టి వెళ్ళినా బాగుండేది అనిపించింది యమునకు.

రెండు వారాలు ఆ చీటీని పారేయలేక, తెరవలేక డ్రాయరులో ఉంచింది. ఆరుద్ర వెళ్ళి పునర్వసు వచ్చింది. ఒక శనివారం మధ్యాహ్నం లైబ్రరీలో ఎవరూ లేనప్పుడు ఆ పేరు కొట్టింది.

పదహారు పేజీలు. పైన ముగ్గురు డాక్టర్ల పేర్లు. పట్టికలు, గీతలు. తొమ్మిదో పేజీ నిండా ఒకటే ఫొటో. పాత మట్టిగోడ. దాని మీద వరసలు వరసలుగా సున్నం బొట్లు, మధ్యమధ్య అడ్డగీతలు, ఆకు గుర్తులు. కింద ఇంగ్లీషులో ఒకే ముక్క: రైతుల సంప్రదాయ గుర్తులు.

యమునకు ఆ గుర్తుల్లో ఒక్కటీ అర్థం కాలేదు.

అయినా సెల్లుతో ఫొటో తీసింది. వచ్చినవాళ్ళు సంతకాలు పెట్టే పుస్తకం వెతికితే వేలిముద్ర పక్కన దొరికింది: దాలమ్మ, కొత్త కాలనీ, భోగాపురం.

ఆదివారం బస్సెక్కింది.

కాలనీలో ఇళ్ళన్నీ ఒక్కలాగే ఉన్నాయి. నాలుగు గుమ్మాలు అడిగాక ఆ ఇల్లు దొరికింది. దాలమ్మ కొడుకు నాగబాబు అరుగు మీద కూర్చుని పారకు కర్ర బిగిస్తున్నాడు.

“అమ్మ లేదండి. ఎయిర్‌పోర్టు పన్లో ఇసక మొయ్యడానికెల్తన్నాది.”

“ఈ వయసులోనా? మరి చోడి?”

“ఇంకెక్కడి సోడి? ఉన్న కుంచెడూ గుర్తున్నట్టు నానబెట్టినాది. ఎక్కడో తప్పినాది. మొలకే రాలేదు. మడి దున్నేసినాం.”

“మళ్ళీ వెయ్యరా?”

“ఇత్తనమేదీ? మాయమ్మ కాడ తప్ప ఆ రకం ఇంకెవురి కాడా లేదు.”

యమున సెల్లు తీసి ఫొటో చూపించింది.

నాగబాబు చెయ్యి లుంగీకి తుడుచుకుని అందుకున్నాడు. పెద్దది చేసి చూశాడు.

“ఓలమ్మ! ఇది మా పాతింటి గోడ గదా! ఊరు ఎయిర్‌పోర్టు కిందికి పోయినప్పుడు పడిపోనాది. నీకెక్కడిదమ్మా?”

“మీ అమ్మ అడిగిన పరిశోధనలోది,” అంది యమున.

“ఏ యేడు ఇత్తనం ఎలా నానబెడితే నారు బతికినాదో, పదకొండేళ్ళు మాయమ్మ ఇలాగ బొట్లు పెట్టుకున్నాది. అప్పుడెవరో సార్లొచ్చి ఫొటో తీసుకెల్లినారు,” అన్నాడు నాగబాబు, తెర మీద వేలితో ఒక్కో వరసా తడుముతూ.

ఆ పదహారు పేజీల్లో దాలమ్మ చూపించమని అడిగింది తాను రాసిన ఒక్క పేజీనే. తక్కిన పదిహేనూ దాన్ని చదివి ఆ ముగ్గురూ రాసుకున్నవి.