బుధవారం నాలుగింటికి

"ఆరు వారాలుగా మీరు అసలు అక్కడికి వెళ్ళనే లేదట!"

సూపర్‌వైజరు చేతిలో కాగితాలు బల్ల మీద పడేసింది. ఎదురుగా కూర్చున్న కండక్టరమ్మ బెదరలేదు.

బస్సు కండక్టరుగా రిటైరయ్యాక ఆవిడ ఈ సంస్థలో వాలంటీరుగా చేరింది. మనసు బాగోలేక, నలుగురిలో కలవలేక ఇంట్లోనే ఉండిపోయినవాళ్ళ దగ్గరికి వారానికోసారి వెళ్ళి, ఓ గంట కూర్చుని రావాలి. మందులివ్వడం కాదు, సలహాలు చెప్పడం కాదు. ఉత్త స్నేహం, అంతే.

"ఎవరన్నారామాట?"

"పొద్దున ఫోనొచ్చింది. మీరు వెళ్ళాల్సిన ఆవిడ ప్రతి బుధవారం ఎదురు చూస్తోంది, మీవాళ్ళు ఒక్కసారీ రాలేదని. పేరు చెప్పలేదు, వాళ్ళక్కే అయ్యుంటుంది. మన దగ్గర పేరు రాయించింది ఆవిడే కదా."

"నేరుగా ఆ మనిషినే అడగకపోయారా?"

"ఆవిడ ఫోనెత్తదని మీకూ తెలుసు. మీ రిపోర్టులేమో ఇలా ఉన్నాయి." సూపర్‌వైజరు ఒక కాగితం తీసి చదివింది. "మొదటి వారం గొలుసు తియ్యకుండా తలుపు సందులోంచే మాట్లాడింది. మూడో వారం లోపలికి రమ్మంది. పోయిన వారం నా చెయ్యి పట్టుకుని గేటు దాకా వచ్చింది. ఇవన్నీ..."

"అన్నీ నిజాలే! ముప్పై ఏళ్ళు కిక్కిరిసిన బస్సులో టిక్కెట్లు కొట్టాను మేడం. ఒక్కడిచేతా మాట పడలేదు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని దొంగ రిపోర్టులు రాస్తానా? ఇవాళ బుధవారమే. లేవండి, మీ కళ్ళతోనే చూద్దురుగాని."

ఇద్దరూ బస్సెక్కారు. అపార్టుమెంట్ల వెనక స్టాపులో దిగారు. కండక్టరమ్మ చకచకా వెనక గేటు దాటి, ఎడమవైపు బిల్డింగులోకి దారి తీసింది. మూడో అంతస్తు ఎక్కేసరికి సూపర్‌వైజరుకి ఆయాసం వచ్చింది. కండక్టరమ్మకి రాలేదు. మెట్ల పక్క తలుపు మీద రెండుసార్లు కొట్టింది.

"చెల్లీ, నేనే!"

తలుపు బార్లా తెరుచుకుంది. నలభై ఏళ్ళావిడ, బక్కపల్చటి మనిషి. కండక్టరమ్మని చూసి మొహం విప్పారింది. వెనక కొత్త మనిషి కనబడేసరికి అడుగు వెనక్కి వేసింది.

"భయం లేదు, మా మేడమే. నేను నీ దగ్గరికి రావట్లేదని ఎవరో చాడీ చెప్పారు. ఏదీ, నువ్వే చెప్పు, వస్తున్నానా లేదా?"

"వస్తున్నారక్కా. ప్రతి వారం వస్తున్నారు."

కండక్టరమ్మ గెలిచినట్టు వెనక్కి తిరిగింది. సూపర్‌వైజరు మాత్రం ఆ మొహంకేసే చూస్తోంది. పేరు రాయించేటప్పుడు వాళ్ళక్క చూపించిన ఫొటోలో మనిషిది గుండ్రటి మొహం, కళ్ళజోడు.

"కండక్టరమ్మగారూ, ఈవిడ కాదు."

"కాకపోవడమేంటి?"

"మనం వెళ్ళాల్సింది ఈవిడ దగ్గరికి కాదు. ఎడమవైపు బిల్డింగని చెప్పానా?"

"ఇది ఎడమవైపుదేగా!"

"వెనక గేట్లోంచి వస్తే ఎడమ. నేను చెప్పింది ముందు గేటు."

కండక్టరమ్మ మెట్ల దగ్గరి కిటికీలోంచి బయటికి చూసింది. ఎదురుగా అచ్చం ఇలాంటిదే ఇంకో బిల్డింగు.

"పేరైనా అడగలేదా?" అంది సూపర్‌వైజరు.

"నేనెవర్ని పేరు పెట్టి పిలిచాను గనక! బస్సెక్కినవాళ్ళంతా నాకు చెల్లెళ్ళూ తమ్ముళ్ళే." కండక్టరమ్మ బక్కావిడ వైపు తిరిగింది. "నువ్వైనా చెప్పొద్దుటే తల్లీ?"

ఆవిడ తల వంచుకుంది. "మొదటి రోజే తెలుసక్కా. సంస్థ నుంచి వచ్చానన్నారు. నేనెక్కడా పేరు రాయించుకోలేదు. చెబితే వెళ్ళిపోతారని ఊరుకున్నాను. నా తలుపు తట్టి ఎవరైనా పలకరించి రెండేళ్ళయింది."

సూపర్‌వైజరు అంది, "మీ పేరు ఇవాళే రాసుకుంటాను. కానీ ముందు అక్కడికి వెళ్ళాలి. ఆవిడ ఆరు వారాలుగా..."

"నేనూ వస్తాను," అంది బక్కావిడ.

పోయిన వారం గేటు దాకా రావడానికి కండక్టరమ్మ చెయ్యి వదలని మనిషి, ఇవాళ తనంతట తనే చెప్పులేసుకుని తాళం వేసింది. అందరికంటే ముందు మెట్లు దిగింది.

ఎదుటి బిల్డింగులో, మూడో అంతస్తులో సూపర్‌వైజరు బెల్లు కొట్టింది. చాలాసేపటికి తలుపు కొద్దిగా తెరుచుకుంది. గుండ్రటి మొహం, కళ్ళజోడు. నున్నగా దువ్విన తల, ఇస్త్రీ బట్టలు.

"తప్పంతా మాదేనమ్మా," అంది సూపర్‌వైజరు. "మా మనిషి పొరపాటున వేరే ఇంటికి వెళ్తోంది. మీ అక్కగారు ఫోన్ చెయ్యబట్టి తెలిసింది."

"మా అక్క చెయ్యదే!" కళ్ళజోడావిడ తెల్లబోయింది. "మీరు రావట్లేదంటే బాధపడుతుందని, ప్రతి వారం వస్తున్నారనే చెబుతున్నాను."

"మరి చేసిందెవరు?"

వెనక మెట్ల దగ్గర నిలబడ్డ బక్కావిడ ముందుకొచ్చింది. కళ్ళజోడావిడ మొహంలోకి తిన్నగా చూస్తూ అంది.

"ప్రతి బుధవారం నాలుగింటికి మీరు తయారై, కిటికీలో నిలబడి కిందికి చూస్తుంటారు. మా ఇంట్లోంచి కనిపిస్తుంది. మీ దగ్గరికి రావాల్సిన మనిషిని నేను పట్టుకుని కూర్చున్నానని నాలుగో వారానికే అర్థమైంది. చెబితే అక్క ఇక నా దగ్గరికి రాదని ఇంకో రెండు వారాలు దాచుకున్నాను. ఇవాళ పొద్దున ఫోన్ చేసింది నేనే."