గొర్రెల దొడ్డికి రాయబారి

"సాయంత్రంలోగా ఈ దొడ్డి ఖాళీ చెయ్యాలి. ఇక్కడ ఫిరంగులు పెడతాం. ఖలాస్," అన్నాడు ఇరాక్ కెప్టెన్. జీపు వెళ్లిపోయింది. దుమ్ము మాత్రం అక్కడే ఉండిపోయింది. దాన్నెవరూ పొమ్మనలేదు.

ఆగస్టు నెల, కబ్ద్ ఎడారి. ఇంత మందను తోలుకుని ఎక్కడికి పోతారు? నీళ్ల ట్యాంకు ఒక్కటంటే ఒక్కటి, అదీ ఈ దొడ్లోనే పాతుకుని ఉంది. దాన్ని దాటిపోతే రేపటికి గొర్రెలు ఎండు చేపలవుతాయి, ఎల్లుండికి కాపరులు. ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగిన పొద్దునే కఫీల్, అంటే వీళ్లను పనికి తెచ్చుకున్న యజమాని, సౌదీకి పారిపోయాడు. పోతూ "గొర్రెలు జాగ్రత్త" అన్నాడు. మనుషుల సంగతి ఆయనకు గుర్తు రాలేదు.

"మా ఊళ్లోనూ ఇట్లాగే వచ్చారు," అన్నాడు అబూ నాయిఫ్, గ్లాసుల్లో టీ పోస్తూ. దొడ్లో మిగిలిన ముగ్గురిలో పెద్దవాడు. పాలస్తీనా కొండల్లో ఆయన వాళ్లంతా గొర్రెలు కాసుకునేవాళ్లే. "గుడారాలు పీక్కుని పొమ్మంది సైన్యం. అప్పుడు ఏడు దేశాల రాయబారులు జెండాల కార్లలో వచ్చారు. మా నాన్న గుడారంలో కింద కూచున్నారు. వీళ్లను కదిలిస్తే మా ప్రభుత్వాలు ఊరుకోవన్నారు. సైన్యం వెనక్కి తిరిగింది."

రాయచోటి నుంచి వచ్చిన కాపరి పెంచల్‌కు ఈ కథ కంఠతా వచ్చు. అయినా విన్న ప్రతిసారీ కడుపు కొత్తగా మండుతుంది.

"ఏడు దేశాలా?"

"ఏడు. ఒకాయన మా గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకున్నాడు. అది సూటు మీద ఉచ్చ పోసింది. ఆయన నవ్వాడు."

ఆ మంట మీద కువైట్ మొత్తానికి రొట్టెలు కాల్చొచ్చు. రాయచోటిలో పెంచల్ వాళ్ల నాయన పోయినప్పుడు పక్కవీధి మెంబరు కూడా తొంగిచూడలేదు. ఇక్కడేమో గొర్రెపిల్ల ఉచ్చకు రాయబారి ఒడి.

"వాళ్లు పోయినాక ఏమాయె?" అడిగాడు సిద్ధయ్య. పెంచల్ ఊరివాడే, బండి తోలతాడు.

"ఏమవుతుంది. సైన్యం మళ్లీ వచ్చింది. రాయబారులూ మళ్లీ వచ్చారు. మావాళ్లు ఒక కంట నిద్రపోతూ ఇంకా అక్కడే ఉన్నారు."

పెంచల్‌కు అందులో ఒక్క ముక్కే వినిపించింది. "రెండోసారి గూడా వచ్చిరా?"

గ్లాసు పక్కన పెట్టి లేచాడు. "సిద్ధన్నా, మనకూ ఒక రాయబారి కావల్ల."

"యాడ్నుంచి తెస్తావురా? ఎంబసీ కాడ మనోళ్లు ఎండలో వరసగా కూచోనుండారు. వాళ్లకే దిక్కులేదు."

"తెచ్చేదేంటికి? చేసుకుందాం. హిందీవాళ్లంటే, అదే మన దేశమోళ్లంటే, ఈ ఇరాకీలకు కాస్త మర్యాద."

అబూ నాయిఫ్ నవ్వలేదు. "అయితే నన్ను కూచోబెట్టండి. వాళ్లు ఎట్లా నడుస్తారో, ఎట్లా దగ్గుతారో చూసినవాణ్ణి."

"నీకు ఏడుమంది ఉండారు గదా పెద్దాయనా, చాల్లే," అన్నాడు పెంచల్. "ఈయన మావోడు. నేనే."

కఫీల్ వదిలేసిన పొడుగు కారును సిద్ధయ్య తుడిచాడు. లోపల గడ్డి వాసన పోలేదు, దాన్ని సెంటనుకోవాలి. సిద్ధయ్య కాషాయం లుంగీ, కఫీల్ తెల్ల తలగుడ్డ, దొడ్డి మీది పచ్చ పరదా కలిపి జెండా కుట్టారు. మధ్యలో చక్రాన్ని గొర్రెలకు గుర్తు పెట్టే నీలి రంగుతో గీశారు. ఆకులు ఎన్ని పట్టాయో అన్ని. కఫీల్ లండన్ పోయినప్పుడు వేసుకునే ఉన్నికోటు తొడుక్కున్నాక పెంచల్‌కు రెండు ఊళ్ల చెరువులు నిండేంత చెమట పట్టింది. రాయబారి కాబట్టి తుడుచుకోలేదు.

పొద్దు వాలుతుండగా కెప్టెన్ వచ్చాడు. వెనక ఫిరంగుల లారీలు. కారు మీద జెండా చూసి జీపు ఆపాడు.

"హిందూస్తాన్ సఫీర్. రాయబారి గారు," అన్నాడు అబూ నాయిఫ్, చేతులు కట్టుకుని.

పెంచల్ కారు దిగి గొంతు సవరించుకున్నాడు. చిన్నప్పుడు బస్టాండులో విన్నదంతా బరువుగా వదిలాడు. "రాయచోటి, గువ్వలచెరువు, కడప. కడపలో దిగేవాళ్లు ముందుకు రావల్ల. మైదుకూరు, ప్రొద్దుటూరు, చిల్లర లేనోళ్లు ఎక్కొద్దు."

"వీళ్లను కదిలిస్తే హిందూస్తాన్ ఊరుకోదంటున్నారు," అని అబూ నాయిఫ్ అరబ్బీలో చెప్పాడు.

కెప్టెన్ టోపీ సర్దుకుని సెల్యూట్ కొట్టాడు. వైర్‌లెస్‌లో ఎవరితోనో చాలాసేపు మాట్లాడాడు. తర్వాత చెయ్యి ఊపాడు. లారీలు ఒక్కొక్కటే వెనక్కి తిరిగి ఇసుక దిబ్బల అవతలికి పోయాయి.

"దొడ్డి జోలికి రాం. గొర్రెలూ కాపరులూ ఇక్కడే ఉండొచ్చు," అన్నాడు.

పెంచల్ అబూ నాయిఫ్ వైపు చూశాడు. మీకు ఏడుమంది, మాకు ఒక్కడు చాలు, అన్నట్టు. అంతటితో తనివి తీరక సిద్ధయ్య దగ్గర గొర్రెపిల్లను అందుకుని కోటుకు హత్తుకున్నాడు. అది ఉచ్చ పోయలేదు. ఆ ఒక్కటే లోటు.

కెప్టెన్ జీపు తలుపు తెరిచి, వంగి, లోపలికి చెయ్యి చూపించాడు. ఇద్దరు సైనికులు వచ్చి పెంచల్‌కు చెరో పక్కా నిలబడ్డారు, మర్యాదగానే.

"యాడికంట?" అన్నాడు పెంచల్, పెదవులు కదలకుండా.

అబూ నాయిఫ్ కెప్టెన్ చెప్పింది పూర్తిగా విన్నాడు. గొర్రెపిల్లను మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"కువైట్‌లో గొర్రెలుండొచ్చంట పెంచలా, రాయబారులే ఉండకూడదంట. ఎంబసీలన్నీ ఖాళీ చేయించి బాగ్దాద్ తోలుకుపొమ్మని ఆర్డరంట."