నడిరోడ్డు మీద సైకిలు

లంకలన్నీ మునిగి, జనం గొడ్డూ గోదాతో గట్టెక్కి కాపురాలు చేసిన వరద ఏడు అది. వరద తీశాక ఒకరోజు పొద్దున్న, ముక్తేశ్వరం దాటిన అమలాపురం బస్సు కాలవ గట్టు రోడ్డు మీద నత్తలా నడుస్తోంది. దాని ముందు, రోడ్డుకి నట్టనడుమ, తాతారావు సైకిలు తొక్కుకుంటూ పోతున్నాడు. వెనక క్యారేజీకి అడ్డంగా కట్టిన కొబ్బరి చీపుళ్ల మోపు. డ్రైవరు భీమరాజు హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. తాతారావు వెనక్కి తిరగలేదు.

"మళ్లీ మొదలెట్టేడండీ ఈయన!" అంది ముందు సీట్లో కూర్చున్న భవానీదేవి. ఆవిడ అమలాపురంలో టీచరు. "వరదకి అన్నాళ్లు బడి మూసేశారు. ఇప్పుడు ఈయన మూయించేట్టున్నాడు!"

"చెవులు వినపడని మనిషండీ. ఒరుసుకుంటూ పోతే సైకిలుతో సహా కాలవలో పడిపోరూ? ఒక్క నిమిషం ఓపిక పట్టండి" అన్నాడు డ్రైవరు.

భీమరాజు బస్సు ఆపి దిగాడు. పరుగున వెళ్లి తాతారావు భుజం మీద చెయ్యి వేశాడు.

"బాబాయ్‌గారూ! ఈ రోడ్డు మీ తాతగారేవన్నా మీకు రాసిచ్చేరా అండీ?" అని అరిచి, చేత్తో గట్టువార చూపించాడు. ఆ తర్వాత వేళ్లు నోటి దగ్గర పెట్టి, "తిన్నారా?" అని అడిగాడు.

తాతారావు తల ఊపాడు.

"తిన్నారండీ! ఆ డొక్క చూస్తేనే తెలుస్తోంది." భీమరాజు హ్యాండిలు పట్టుకుని సైకిల్ని వారకి నడిపించాడు. జారిపోతున్న మోపు తాడు బిగించాడు. ఆ భుజం మీద ఇంకోసారి తట్టి, బస్సెక్కి, సైకిలుకి చోటు వదిలి మెల్లిగా దాటిపోయాడు.

రోజూ ఇదే తంతు.

భార్య రత్నం పోయిన ఏడాదే తాతారావుకి చెవులు కూడా పోయాయని ఊళ్లో చెప్పుకుంటారు. చెవిటివాడితో మాటలు దండగని అందరూ మానేశారు. చీపుళ్లు తీసుకునే కొట్టాయన వేలితో మూల చూపిస్తాడు, తాతారావు అక్కడ దింపి వచ్చేస్తాడు. పక్క వాటాలో ఉండే అన్న కొడుకు ఆనందరావు పూటపూటా కంచం గుమ్మంలో పెట్టి వెళ్లిపోతాడు. అంత ఇంట్లో ఈనెలు చీరే కత్తి చప్పుడు తప్ప ఇంకో చప్పుడుండదు.

ఆ సాయంత్రం భవానీదేవి బస్సు దిగి నేరుగా ఆనందరావు వాకిట్లోకి వచ్చింది. తాతారావు అరుగు మీదే కూర్చుని ఈనెలు చీరుతున్నాడు.

"మీ బాబాయ్‌గారి చేత ఆ సైకిలు మాన్పించండి, ఆనందరావుగారూ. భీమరాజు గనక రోజూ దిగి బతిమాలుతున్నాడు. లారీ వాడు దిగుతాడా?"

"ఆయ్, నిజమేనండీ. నాకూ భయంగానే ఉంది. రేపట్నుంచి దానికి గొలుసేసి తాళం పెట్టేస్తాను."

కత్తి జారి తాతారావు వేలు తెగింది. ఎవరూ చూడలేదు.

ఆ మాట భీమరాజుదాకా వెళ్లింది. మర్నాడు మధ్యాహ్నం చిన్న డబ్బీ ఒకటి పట్టుకుని ఆనందరావు దగ్గరికి వచ్చాడు.

"సైకిలు లాగేసుకుంటే ఆయనకింకేం మిగులుతుందండీ? ఇది మా నాన్నగారి చెవి మిషను. ఆయన వెళ్లిపోయేక పెట్టెలోనే ఉంది. ఓసారి పెట్టి చూద్దాం."

వద్దన్నట్టు తాతారావు చెయ్యి అడ్డం పెట్టాడు. భీమరాజు చిన్నపిల్లాడిని పట్టుకున్నట్టు గడ్డం పట్టుకుని, మిషను చెవిలో పెట్టి, మీట నొక్కి, "బాబాయ్‌గారూ!" అని కేకేశాడు.

తాతారావు ఉలిక్కిపడి రెండు చేతులూ చెవుల మీద వేసుకున్నాడు.

"మెల్లిగా మాట్లాడు" అన్నాడు.

"పలికేడండీ!" ఆనందరావు నవ్వేశాడు. "మొత్తానికి సాధించేరు!"

భీమరాజు కళ్లు తుడుచుకున్నాడు. "ఇంక తాళం మాటెత్తకండి. బాబాయ్‌గారూ, రేపట్నుంచి నేను దూరం నుంచే హారన్ కొడతాను. మీరు వారకి వచ్చేయండి, నేను అవతలికి తప్పుకుని పోతాను. ఎవరి దారి వాళ్లది, హాయిగా!"

అలాగే జరిగింది. హారన్ మోగితే తాతారావు వారకి వచ్చేవాడు. బస్సు బారెడు దూరంలో దాటిపోయేది. భీమరాజు ఇప్పుడు దిగేవాడు కాదు, కిటికీలోంచి చెయ్యి ఊపేవాడు. భవానీదేవి కూడా నవ్వేది. బస్సు లేపిన దుమ్ము అణిగేదాకా తాతారావు ఒక కాలు నేల మీద ఆనించి అక్కడే నిలబడేవాడు. మిషను వచ్చినా ఊళ్లోవాళ్లకి సైగల అలవాటు పోలేదు. కొట్టాయన వేలితో మూల చూపిస్తూనే ఉన్నాడు. కంచం గుమ్మంలోకి వస్తూనే ఉంది.

ఒక సాయంత్రం తాతారావు మిషను తీసి, తువ్వాలుతో తుడిచి, డబ్బీలో పెట్టి ఆనందరావుకి ఇచ్చాడు.

"ఇది పనిచెయ్యడం లేదు. భీమరాజుది భీమరాజుకి ఇచ్చెయ్."

ఆనందరావు డబ్బీ వంకా, సైకిలు వంకా చూశాడు. గాలిలో తాళం తిప్పినట్టు చెయ్యి తిప్పి, మరెలా అన్నట్టు కళ్లెగరేశాడు.

"రేపొక్కసారి వెళ్లనీ" అన్నాడు తాతారావు. "బస్సుకి అడ్డం వచ్చానని తెలిస్తే, తాళం వేసేసుకో. నేనడగను."

మర్నాడు పొద్దున్నే మోపు కట్టుకుని గట్టు రోడ్డెక్కాడు. మిషను లేకపోయినా బుద్ధిగా వారనే తొక్కుతున్నాడు. కొబ్బరికాయల లారీ ఒకటి పక్కనుంచి దాటిపోయింది. కాలవ మీద ఎండ ఇంకా పడలేదు. గట్టు మీద నరమానవుడు లేడు.

వెనక ఎక్కడో, మలుపవతల బస్సు హారన్ వినపడగానే, తాతారావు సైకిల్ని రోడ్డు మధ్యకి తిప్పాడు.