ఎర్ర పెన్సిలు

పుస్తకంలో ‘గుర్రం’ అని ఉంది. టిల్డా ‘ఇల్లు’ అని చదివింది.

ఇంగ్లీషులో హార్స్, హౌస్: ఆ రెండు మాటలకీ ఒక్క అక్షరమే తేడా. అయినా తప్పు తప్పే.

పక్కన కూర్చున్న మామ్మ మాత్రం హాయిగా తలూపింది.

క్లాసులో అవతలి మూల నుంచి విన్న కారిస్ పళ్ళు నూరింది.

కారిస్ ట్రైనింగ్ టీచరు. మినెసోటాలో చక్కెర దుంపలు పండే ఆ చిన్న ఊళ్ళో, మూడో తరగతికి పది వారాలు పాఠాలు చెప్పాలి. ప్రతి శుక్రవారం సాయంత్రం అయిదింటిలోగా ‘ఏం చూశాను, ఏం నేర్చుకున్నాను, ఏం మారుస్తాను’ అని ఒక పేజీ రాసి యూనివర్సిటీకి పంపాలి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు ఆమె మూడేసి పేజీలు పంపేది.

ఆమె బెంగంతా టిల్డా గురించే. ఎనిమిదో వారంలో చదివే పరీక్ష ఉంది. గట్టెక్కకపోతే వచ్చే ఏడాది కూడా ఆ పిల్లకి మూడో తరగతే.

ఆ శుక్రవారం ఇలా రాసింది:

“పిల్లలు మామ్మ అని పిలిచే యుసేబియా అనే ముసలావిడ ప్రతి బుధవారం వచ్చి టిల్డా చదువుతుంటే వింటుంది. జీతం తీసుకోదు, నిజమే. కానీ ఒక్క తప్పూ దిద్దదు. ఆఫీసు రిజిస్టరులో తన పేరు కూడా పిల్ల చేతే రాయిస్తుంది. ఒట్టి బద్ధకం. ఏం మారుస్తాను: ఈవిడని.”

సోమవారం జవాబొచ్చింది. “మంచి పరిశీలన.”

ఇంకేం, కారిస్‌కి కాలు నిలవలేదు.

క్లాసు అసలు టీచరు మిసెస్ హాగెన్ సంగతి విని కళ్ళజోడు తీసింది.

“తొందరపడకమ్మాయ్. ఆవిడ రాకముందు ఆ పిల్ల పుస్తకం ముట్టేది కాదు.”

“తప్పులతో చదివితే ఏం లాభమండీ?”

“చదువుతోందిగా!”

“పరీక్షలో ఎవరూ తలూపరు కదా!”

హాగెన్ నిట్టూర్చింది. “ఇప్పుడు క్లాసు నీది. నీ ఇష్టం.”

బుధవారం మామ్మ వచ్చింది. చెవులు కప్పే టోపీ, పంచదార ఫ్యాక్టరీ పేరున్న పాత కోటు. టిల్డా ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని అరగంట సేపు గుసగుసలాడారు, ఏదో గీసుకున్నారు, నవ్వుకున్నారు.

ఆ అరగంటలో కారిస్ నాలుగుసార్లు గడియారం చూసింది.

వెళ్ళేటప్పుడు తలుపు దగ్గర ఆవిడని ఆపింది.

“మామ్మగారూ, వచ్చే వారం నుంచి మీరు రానక్కర్లేదు. టిల్డాని నేనే చూసుకుంటాను.”

“నేనేమన్నా తప్పు చేశానా తల్లీ?”

“చెయ్యలేదు. దిద్దలేదు.”

మామ్మ టోపీని చేతుల్లో అటూ ఇటూ తిప్పింది.

“అదీ నిజమేలే. చిన్నతనమంతా దుంపల చేలల్లో కలుపు తీయడంతోనే సరిపోయింది నాకు.” టోపీ పెట్టుకుంటూ అడిగింది. “ఆ గుర్రం కథే సగంలో ఆగిపోయింది. దాని కాలు బాగవుతుందంటావా?”

“లైబ్రరీలో ఉంది. తీసికెళ్ళి చదువుకోండి.”

మామ్మ నవ్వింది. “అలాగేలే తల్లీ.”

ఆ మర్నాటి నుంచి కారిస్ టిల్డా పక్కనుంచి కదల్లేదు. తప్పు దొర్లిన చోటల్లా ఆపింది. మొదటి రోజు పదకొండు తప్పులు. రెండో రోజు ఆరు. నాలుగో రోజు ఒక్కటీ లేదు, ఎందుకంటే టిల్డా అసలు నోరే విప్పలేదు.

“చదువమ్మా.”

టిల్డా తల ఎత్తలేదు.

“మామ్మ దగ్గర గలగలా చదివేదానివిగా?”

టిల్డా వేలితో బల్ల మీద గీతలు గీస్తూ కూర్చుంది.

ఆ శుక్రవారం కారిస్ కాగితం ముందు గోళ్ళు కొరుక్కుంది. రాసింది, కొట్టేసింది, మళ్ళీ రాసింది. ‘ఏం మారుస్తాను’ దగ్గర ఖాళీ వదిలేసి పంపింది.

పరీక్ష రోజు టిల్డా పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుని, ఇరవై నిమిషాలూ కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. పరీక్ష తప్పిందని ఇంటికి ఉత్తరం తయారైంది.

కారిస్ కాలుగాలిన పిల్లిలా వరండా అంతా తిరిగింది. ఆగలేక ఆఫీసులోకి పరుగెత్తి మామ్మ ఇంటికి ఫోన్ చేసింది. మనవరాలు ఎత్తింది.

“నాన్నమ్మ శనివారమే టెక్సాస్ వెళ్ళిపోయిందండీ, మా అత్త దగ్గరికి. ఇక అక్కడే ఉంటుందట. ఇక్కడ బుధవారాలు గడవడం లేదంది.”

కారిస్ ఫోన్ పెట్టేసి క్లాసుకొచ్చింది. పిల్లలంతా ఆటలకి వెళ్ళారు. టిల్డా ఒక్కతే తన బల్లలోంచి ఒక పలచటి నోటుపుస్తకం తీసి సంచిలో దాచుకుంటోంది.

“ఏదీ, చూడనీ.”

మొదటి పేజీల నిండా గీత దాటి జారిపోతున్న వంకర అక్షరాలు. చివరి పేజీలో ‘ఇల్లు’ అని పదిసార్లు రాసి ఉంది. వాటన్నిటి మీదా ఎర్ర పెన్సిలుతో ఒక కొట్టివేత. కింద ‘గుర్రం’ అని పదిసార్లు. పక్కన పెద్ద ఎర్ర టిక్కు. టిక్కు కింద తేదీ మామ్మ వచ్చిన ఆఖరి బుధవారానిది.

కారిస్ ప్రాణం ఉసూరుమంది.

“మూడో తరగతిలో ఈ రాతేమిటే? పైగా నీకు నువ్వే టిక్కులు పెట్టుకుంటావా?”

టిల్డా చటుక్కున నోటుపుస్తకం లాక్కుంది. ఇన్ని రోజులకి నోరు విప్పింది.

“మా మామ్మ రాతని ఏమీ అనకండి టీచర్! ఎర్ర పెన్సిలొక్కటే నాది. ముందు నేనే తప్పు చెప్పాను, ఇంటికెళ్ళి చూసుకుని మళ్ళీ వారం దిద్దాను. మామ్మకి అక్షరాలు నేర్పేది నేనేగా!”